నడిమి చందమామ కోసం మాదన్నపేటకు

మా అమ్మ కర్మల రోజున, వచ్చిన చుట్టాలందరి ముందు, మా పెద్దన్న ఒక మాట ఇచ్చాడు. అమ్మ చీరలు ఎవరూ ముట్టకూడదని, అవన్నీ మా అక్క లచ్చవ్వకు బొంత కోసం ఇస్తానని అన్నాడు. నెల తిరగకముందే ఆ చీరలన్నీ, గంపలో స్టీలు సామాను పెట్టుకొని గల్లీల్లో తిరిగే ఒక ఆడమనిషి మూటలోకి చేరాయి. వాటికి బదులుగా అన్న ఇంటికి మెరిసిపోయే స్టీలు క్యారియర్ వచ్చింది. ఆ బేరం చేసింది మా వదినేనని నేను అప్పుడే తీర్మానించుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు.

పాతబస్తీ చూసొచ్చి రాసేవాళ్లు గాజుల దగ్గరో అత్తరు దగ్గరో ఆగిపోతారు. లైబ్రరీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ అలాంటి రాతలు తెగ చదివాను. మాదన్నపేట కూరగాయల అంగడి దాటి లోపలికి పోయినవాడు ఒక్కడూ కనబడలేదు. ఆ అంగడి వెనక సందులోనే మా అక్క బొంతలు కుడుతుంది. మామూలు బొంత అంటే పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి కుట్టేయడమే. అక్కది వంపు కుట్టు. అందరూ ఖాలా అని పిలిచే పక్కింటి ముసలావిడ దగ్గర నేర్చుకుంది. చదరపు ముక్కకు ఒక మూల గుండ్రంగా కోసి, అక్కడ వేరే రంగు పావు చందమామను అతికిస్తుంది. అలాంటి నాలుగు ముక్కలు కలిపితే నిండు చందమామ అవుతుంది. మా ఇళ్లలో ఇంటి బొంతకు నడిమి చందమామ ఆ ఇంటి పెద్దావిడ చీరతోనే చెయ్యాలి. అది లేని బొంత ఎంత అందంగా ఉన్నా గోనెపట్టాతో సమానమని మా అమ్మే అనేది.

షాద్‌నగర్‌లో ఉంటున్న నాకు పోయిన వారం అక్క కబురు పంపింది. కంట్లో పొర ముదురుతోందట. చూపు ఉండగానే ఇంటి బొంత ముగించాలట. నడిమి చందమామ ఒక్కటే మిగిలిందట. వచ్చేటప్పుడు జహనుమాలో వదిన దగ్గర ఆగి రమ్మన్నది. వదినను నిలదీసి రమ్మంటోందని నేను అర్థం చేసుకున్నాను. ఇన్నేళ్లకు నాకు ఆ పని అప్పగించినందుకు, నిజం చెప్పాలంటే, సంతోషించాను.

పొద్దున్నే బయలుదేరే పాసింజరు ఎక్కితే ఎనిమిదిన్నరకు ఫలక్‌నుమాలో దిగవచ్చు. టికెట్టు రెండు రూపాయల లోపే. కూర్చోవడానికి చోటు కావాలంటే ఇంజను దగ్గరి పెట్టెలు చూసుకోవాలి. వెనక పెట్టెలన్నీ పాలక్యాన్లవాళ్లవి. స్టేషన్ నుంచి జహనుమాకు నడకే. అన్న అప్పటికే ఉస్మాన్‌గంజ్‌లో తాను గుమాస్తాగా ఉన్న కొట్టుకు వెళ్లిపోయాడు. వదిన గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టి లోపలికి పోయి, క్యారియర్ పట్టుకొని వచ్చింది. అదే క్యారియర్.

"లచ్చవ్వకియ్యి మర్దీ. ఆమె చేతికే ఇయ్యి," అంది.

"అమ్మ చీరల తోటి కొన్న డబ్బల అన్నం పెట్టి పంపుతున్నవా? సిగ్గు లేదా వదినె?"

"జర ఆగు. నా మాటిను. కింది గిన్నెల..."

"కింది గిన్నెల ఏముంటే నాకేంది?"

నేను దారిలోనే తిప్పుకుంటూ వచ్చిన మాటలన్నీ, ఒక్కటీ మిగల్చకుండా అనేశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. తప్పు చేసినవాళ్లు అలాగే నిలబడతారని అనుకున్నాను. అయినా అక్క ఆకలి గుర్తొచ్చి, క్యారియర్ మాత్రం అందుకొని వచ్చేశాను.

మెయిన్ రోడ్డు మీద అఫ్జల్‌గంజ్ బస్సు దొరికింది. ఒళ్లో ఆ క్యారియర్ పెట్టుకొని కూర్చుంటే, చార్మినార్ దాటేసరికి నాకొక ఆలోచన వచ్చింది. ఉస్మాన్‌గంజ్ గోదాముల వెనక సందులో స్టీలు గంపలవాళ్లు పాత బట్టలు కుప్పలు పోసి అమ్ముతారు. స్టీలు కోసం అమ్మ చీరలు పోయాయి కదా, ఈ స్టీలే ఇచ్చి చీరలు తెస్తే? లెక్క సరిపోతుంది. అంత చక్కటి న్యాయం పుస్తకాల్లోనే చదివాను. బస్సు దిగి నేరుగా అక్కడికే పోయాను.

కుప్ప ముందు కూర్చున్నామె పేరు ఎల్లమ్మ అని పక్కవాళ్ల పిలుపుల్లో తెలిసింది. నా బేరం విని పకపకా నవ్వింది.

"గిదేం ఉల్టా బేరం బాపూ! లోకమంత బట్టలిచ్చి స్టీలు తీస్కపోతది. నువ్వు స్టీలిచ్చి చింకిరి బట్టలడుగుతవా? ఇంట్ల లొల్లి పెట్టుకొని వచ్చినవా ఏంది?"

"పాతవే కావాలి. మెత్తటి నూలు చీరలు రెండు."

"డబ్బ బరువున్నది. లోపల అన్నమా?"

"అన్నం నువ్వే తిను. అన్నీ నీకే."

అక్కకు బయటే ఏదన్నా కొనవచ్చనుకున్నాను. నైలానులన్నీ పక్కకు నెట్టి ఆమె రెండు నూలు చీరలు తీసి ఇచ్చింది. చాలా రోజుల తర్వాత గెలిచినవాడిలా నడిచాను. రిక్షావాలా యూసుఫ్ రెండు రూపాయలకు ఒప్పుకున్నాడు. నయాపూల్ దాటి, మీరాలం మండి పక్కనుంచి, యాకుత్‌పురా గేటు మీదుగా మాదన్నపేట చేర్చాడు. అటు పోయేవాళ్లు పన్నెండు లోపే చేరితే మంచిది. ఆ తర్వాత అంగడి బండ్లు సందుకు అడ్డం పడతాయి.

అక్క వాకిట్లో బొంత పరుచుకొని కూర్చుంది. నలుమూలలా చందమామలు. నడుమ మాత్రం ఖాళీ. ఎదురుగా అరుగుమీద ఖాలా సూదుల్లో దారం ఎక్కించి పెడుతోంది. నేను చీరలు ముందు పెట్టాను. అక్క వాటిని చూడలేదు. నా చేతుల వైపు చూసింది.

"క్యారియర్ ఏదిరా?"

"ఏ క్యారియర్?"

"వదినె ఇచ్చింది. మొన్న గీ అంగట్లనే కలిసింది. కింది గిన్నెల అమ్మ కొంగు పెట్టి పంపిస్తనన్నది. 'మర్ది చేతికే ఇస్త, చీరలు నేను అమ్మలేదని ఆయన కండ్లతోని సూడాలె' అన్నది. సూపియ్యలేదా?"

"మరి చీరలు అమ్మింది ఎవరు?"

"ఇంకెవరు, నీ అన్ననే. గంపామెను పిలిచి గుమ్మంల కూసోని బేరం చేసిండు. వదినె ఏడ్చుకుంట ఒక్క కొంగు చింపి జొన్నల గుమ్మిల దాచింది. ఆయనకు ఇప్పటిదాంక ఎర్కలేదు. నీకు చెప్దామంటే నువ్వెన్నడు విన్నవు?"

జరిగింది చెప్పాను. ఖాలా సూది పక్కన పెట్టింది.

"అరే, ఇత్తే పఢే లిఖే భాయ్! డబ్బా ఖోల్ కే భీ నై దేఖే?"

అంత చదివినవాడికి డబ్బా తెరిచి చూడటం రాలేదా అని. నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

యూసుఫ్ ఇంకా సందు చివరే బీడీ కాలుస్తున్నాడు. "ఫిర్ వహీంచ్?" అని, మళ్లీ అక్కడికేనా అన్నట్టు నవ్వి, నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. బండ్ల మధ్య ఇరుక్కుంటూ ఉస్మాన్‌గంజ్ చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. క్యారియర్ అప్పటికే అమ్ముడుపోయింది.

"కింది గిన్నెల బట్టనా? ఉండె బాపూ. మెత్తగున్నదని సూడకుంటనే కుప్పల ఏసిన," అంది ఎల్లమ్మ. "ఎవలది?"

"మా అమ్మది."

ఆమె మొహంలో వేళాకోళం పోయింది. గబగబా కుప్పలో చేతులు పెట్టింది. "ఎందుకు ఫికర్, దొరుకుతది. ఏ రంగు?"

నేను కుప్పలోని రంగులన్నీ ఒక్కొక్కటిగా చూశాను. ఒక్కటీ తెలిసినదిగా లేదు.

"అంచు ఎట్లుంటది? గళ్లా, చుక్కలా?"

అమ్మ గొంతు గుర్తుంది. చేతుల గరుకు గుర్తుంది. జొన్నరొట్టె కొట్టే చప్పుడు గుర్తుంది. లైబ్రరీలో ఏ పుస్తకానికి ఏ రంగు అట్టో ఈనాటికీ చెప్పగలను. అమ్మ ఒంటి మీద చీర ఏ రంగో నాకు తెలియదు. ఆ చీరల పేరు చెప్పి ఇన్నేళ్లు ఒక మనిషిని దోషిని చేశాను. ఎన్నడూ వాటివైపు సరిగ్గా చూసినవాణ్ని కాదు.

"అమ్మ చీరంటున్నవు, రంగెర్కలేదా?" ఎల్లమ్మ ఈసారి నవ్వలేదు. నవ్వితే బాగుండేది. చుట్టుపక్కల కుప్పల దగ్గరి ఆడవాళ్లు తలలు తిప్పి చూశారు. పని ఆపి మరీ చూశారు. నేను మోకాళ్ల మీద కూర్చొని వెతికాను. కొంగులా చింపినవి మూడు దొరికాయి. ఎండకూ ఉతుకుకూ మూడూ ఒకే మట్టిరంగుకు తిరిగాయి. ఎల్లమ్మ వాటిని ఊరికే ఇచ్చింది. ఆ దయ తీసుకొని మళ్లీ మాదన్నపేట చేరాను.

అక్క మూడు ముక్కలూ ఒళ్లో వేసుకొని, వేళ్ల మధ్య నలిపి చూసింది. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుంది. మరొకటి చెంపకు ఆనించుకుంది. చివరికి ఒకటి నిలుపుకొని "ఇదేరా" అంది.

"నిజంగనా అక్కా?"

"కుట్టేది నేను. నువ్వు గమ్మునుండు."

పావు చందమామలు నాలుగు కోసింది. లోపలికి వంగిన ముక్కకు బయటికి ఉబ్బిన ముక్కను ఆనించి, ముందు వంపు నడుమ ఒక సూది గుచ్చి, తర్వాత రెండు కొసలూ కలిపింది. బట్టను లాగకుండా వేలితో నెమ్మదిగా సర్దుకుంటూ కుట్టుకొచ్చింది. చూపుతో కాదు, వేళ్లతోనే. సాయంత్రం లాంతరు వెలిగించేలోపు నడిమి చందమామ పడింది. ఒక్క ముడత లేదు.

"వదినెకు ఏమని చెప్తవు?" అని అడిగాను.

"ముట్టిందని చెప్త. నువ్వు పోయి ఆమె ఇంట్ల నీళ్లు తాగి రా."

ఆ సాయంత్రం తాగలేదు. ఫలక్‌నుమాలో బండి ఎక్కడానికి జహనుమా పక్కనుంచే నడిచాను. వాళ్ల గల్లీ మలుపు దాకా పోయి, గుమ్మంలో దీపం చూసి వెనక్కి తిరిగాను. బండిలో పక్కవాడు ఏ ఊరని అడిగితే కూడా చెప్పాలనిపించలేదు. అది అమ్మ కొంగో కాదో అక్కకు నిజంగా తెలుసో, నా మీద జాలిపడి అందో నాకు ఇక ఎన్నటికీ తెలియదు. అడిగే హక్కు కూడా ఎల్లమ్మ కుప్ప దగ్గరే పోయింది. మాదన్నపేటలో ఇలాంటి బొంత కుట్టించుకోవాలని బయలుదేరేవాళ్లకు ఒకటే చెబుతాను. కొత్త బట్ట, నైలాను తీసుకుపోకండి, అవి వంపు దగ్గర మొండికేస్తాయి. ఏళ్ల తరబడి కట్టి, ఉతికి మెత్తబడిన నూలు చీరే తీసుకుపోండి. అది ఎవరి చీరో మీ నోటితో మీరు చెప్పగలగాలి, ఎందుకంటే కుట్టేవాళ్లు ముందు అదే అడుగుతారు.

వదిన మీద ఇన్నేళ్లూ మోసిన కోపం ఆ రోజుతో దిగిపోయింది. దాని చోట సిగ్గు చేరింది. కానీ అందరి ముందు ఇచ్చిన ఆ మాట ఒక్కటి నిలబడి ఉంటే, చీరలు నేరుగా అక్క ఒడిలోకి చేరేవి. అమ్మ చీర రంగు కొడుకుకు తెలియదన్న సంగతి బజారుకు ఎక్కేది కాదు. నాకు కూడా తెలిసేది కాదు. అందుకని ఈనాటికీ నేను క్షమించనిది ఒక్కణ్నే. మా పెద్దన్న నర్సింహులును.