ఉల్లిపొర రంగు చీర కోసం నా పాట్లు

పోయిన వారం పుంగనూరులో పెండ్లికి పోయొచ్చినాను. ఎట్ల జరిగిందని మాత్రం అడగొద్దండి. అయినా దాచిపెడితే దాగేదా? ఎవరో ఒకరు మసాలా కలిపి చెప్పేదానికన్నా నేనే చెప్పేస్తాను. టీ పోసుకోండి. నవ్వేది ఉంటే చివర్లో నవ్వండి, మధ్యలో నవ్వితే నాకు ఏడుపొస్తుంది.

మా ఆడబిడ్డ రెడ్డెమ్మ కుప్పంలో ఉంటుంది. మా ఇంటాయనకు సొంత అక్క. మనసు వెన్న, మూతి మాత్రం ఎప్పుడు ఎందుకు ముడుచుకుంటుందో చెప్పలేం. మా గృహప్రవేశానికి నాకొక పట్టుచీర పెట్టింది. దానికి జాకెట్ కుట్టించే టైం లేక ఆ పొద్దు నేను వేరే చీర కట్టుకున్నాను. అంతే! "నేను పెట్టిన చీర నీ ఒంటికి ఆనలేదా?" అని భోంచేయకుండానే బస్సెక్కేసింది. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. తమ్ముడికి ఫోన్ చేస్తుంది, పిల్లోల్ని అడుగుతుంది, మా ఇంటి ఆవు బాగుండాదా అని గూడా అడుగుతుంది. నన్ను మాత్రం అడగదు.

అట్లాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున నాకే ఫోన్ చేసింది!

"సరోజా, మా పాప లావణ్య పెండ్లి పుంగనూరులో పెట్టుకున్యాం, తెలుసు గదా. ముహూర్తానికి నేను ఉల్లిపొర రంగు చీర కట్టుకుంటాండా. చిలకపచ్చ అంచు. నువ్వు గూడా అదే రంగు కట్టుకో. ఇద్దరం పక్కపక్కన నిలబడాల. సూసినోళ్లు వీళ్లకు మాటల్లేవని అనుకోగూడదు."

నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఆ సంతోషంలో నోరు ఊరుకుందా? "అదెంత పని వదినా! అంతా ఫోన్లోనే ఉండాది. రెండు నిమిషాల్లో బుక్ చేసేస్తాను!" అనేసినాను.

వదిన తన చీరను తలుపు మీద వేలాడదీసి ఫోటో పంపింది. ఆ ఉల్లిపొర రంగు చూస్తే ప్రాణం లేచొచ్చింది. అటు గులాబీ కాదు, ఇటు నారింజ కాదు, లోపలి పొర ఎండలో పెట్టి చూస్తే ఉంటుందే, అదీ.

మా ఇంటాయన చూసి, "మదనపల్లెలో ఇన్ని మగ్గాలు పెట్టుకొని ఫోన్లో వెతికేదేంది? పద, అంగడికి పోదాం" అన్నాడు.

"అంగట్లో నూరు చీరలుంటాయి. ఇందులో లక్షలుంటాయి. మీకు తెలియదు, ఊరుకోండి" అన్నాను.

లక్షలుండాయి. నిజమే. అదే కదా నా ఖర్మ!

మొదట 'ఉల్లిపొర రంగు చీర' అని తెలుగులోనే కొట్టినాను. 'ఏమీ దొరకలేదు, ఇవి చూడండి' అని మొబైల్ కవర్లు చూపించింది. సరే, దానికి తెలుగు రాదేమోనని 'ఆనియన్ స్కిన్ సారీ' అని ఇంగ్లీషులో కొట్టినాను. ఈసారి ఎంత ఉషారుగా వచ్చిందో! ఆనియన్ హెయిర్ ఆయిల్. ఆనియన్ షాంపూ. ఆనియన్ ఫేస్ ప్యాక్. ఉల్లిగడ్డలు తరిగే మిషను. ఉల్లిగడ్డలు వేలాడదీసే వల. చీర తప్ప ఉల్లిగడ్డకు సంబంధించిన సమస్తం ఉండాది.

రంగుల ఫిల్టర్ తెరిచినాను. పింకు, పీచు, రోజ్ గోల్డ్, ఇంకా నేను వినని పేర్లు. మన వంకాయ రంగు, నెమలికంఠం, ఉల్లిపొర ఒక్కటీ లేదు. పింకు నొక్కితే వచ్చిన మొదటి చీర నీలం. నీలాన్ని పింకులో ఎవరు పెట్టినారప్పా? కిందికి పోతే ఒకే అమ్మాయి, ఒకే గోడ, ఒకే నవ్వు. చీర రంగు మాత్రం మారుస్తాండారు. ఆ పాపకు నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టలేదా అని నాకే జాలేసింది. 'పట్టు' అని ఫిల్టర్ పెడితే పట్టులాంటిది, పట్టు మాదిరిది, పట్టు మెరుపుది... పట్టు మాత్రం లేదు. తక్కువ ధర నుంచి చూపించమంటే చీరలే మాయం! పిన్నులు, ఫాల్సు, చీర మడిచి పెట్టుకునే కవర్లు.

ఇంత దూరం పోయినాక ఒక చీర నచ్చింది. అది చూసి వెనక్కొస్తే, నేనున్న చోట లేను. మళ్లా మొదటి పేజీ! ఆ నవ్వే పాప మళ్లా నవ్వుతాండాది.

ఆఫీసులో పని చేస్తా వెతికినాను, ఆటోలో కూర్చొని వెతికినాను, పొయ్యి మీద పాలు పెట్టి వెతికినాను. పాలు పొంగిపోయినాయి, చీర దొరకలేదు.

మా ఆఫీసులో పనిచేసే కవిత చెప్పింది. "అక్కా, యాల అట్ల కష్టపడతావు? ఫోటో పెట్టి వెతకొచ్చు. కెమెరా బొమ్మ నొక్కు."

వదిన పంపిన ఫోటో పెట్టినాను. ఏం చెప్పమంటారు! టకటకమని వచ్చేసినాయి. అన్నీ ఉల్లిపొర రంగే. మడత పెట్టిన గుడ్డలు, చిలకపచ్చ అంచు, జరీ! ఒకటి చూస్తే వదిన చీరకు కవలపిల్ల. పేరు చదివితే 'సిల్క్ జరీ బార్డర్ వెడ్డింగ్ ఫెస్టివల్ ఎలిగెంట్ హోమ్...' అంత దాకా వచ్చి మూడు చుక్కలు. ఆ చుక్కల వెనక ఏముండాదో ఎవరు చూస్తారు? 'సెట్ ఆఫ్ టూ' అని ఉండాది. చీర, జాకెట్ అనుకున్నాను. ఆర్డర్ పెట్టేసి, ఇంటాయన వైపు చూసి కాలరెగరేసినాను. కాలరు లేకపోయినా ఎగరేసినాను.

పార్సెల్ పెండ్లికి కొంచెం ముందు వచ్చింది. విప్పినాను. రంగు? అచ్చం అదే! అంచు? అదే! పట్టుకొని విదిలిస్తే ఠంగుమని చప్పుడైంది.

పైభాగాన వరసగా స్టీలు రింగులు.

మా ఇంటాయన పేపరు దించి చూసి, "చీరలకు రింగులు గూడా వస్తాండాయా ఇప్పుడు?" అన్నాడు.

కర్టెన్! తలుపులకు వేసే కర్టెన్! రెండు! వదిన చీరను తలుపు మీద వేలాడదీస్తే, ఆ సైటు దాన్ని కర్టెన్ అనుకున్నింది. నేను కర్టెన్ను చీర అనుకున్నాను. ఎవరి తెలివి వాళ్లది.

రిటర్న్ పెట్టినాను. కస్టమర్ కేర్ అంటే మనిషి కాదు, చాటింగ్ మిషను. 'చీర అనుకొని కర్టెన్ కొన్నాను' అని రాస్తే 'మీరు కర్టెన్ల కోసం వెతుకుతున్నారా? మీకోసం ఇవిగో' అని ఇంకొన్ని చూపించింది. నాకు తల గోడకు కొట్టుకుందామనిపించింది. ఎట్లనో రిటర్న్ ఒప్పుకున్నింది. తీసుకుపోయేదానికి వస్తామన్న పొద్దంతా ఆఫీసుకు లీవు పెట్టి గడపలో కూర్చున్నాను. ఎవరూ రాలేదు. సాయంత్రం మెసేజి: 'మా ప్రతినిధి వచ్చినప్పుడు మీరు ఇంట్లో లేరు.'

గడపలో కూర్చొనుండానప్పా!

అప్పుడు అంగళ్లకు పరిగెత్తినాను. ఒక అంగడాయన వదిన చీర ఫోటో చూసి, "మొన్ననే ఉండె తల్లీ. ఎవరో తీసుకోని పోయిరి. నేయించాలంటే టైం పడుతుంది" అన్నాడు. మిగతా అంగళ్లలో ఆ రంగే లేదు. వేరే రంగు కట్టుకుని పోతే? ఒక చీర కట్టుకోనందుకే ఇన్నాళ్లు మాటలు పోయినాయి. ఇప్పుడు ఆమే దిగొచ్చి అడిగింది. మళ్లా వేరే రంగులో కనపడితే ఈ జన్మకు అంతే.

కర్టెన్లు సంచిలో పెట్టుకుని మా వీధిలో టైలర్ షమీమక్క దగ్గరికి పోయినాను. విషయం చెప్పి ఏడ్చినాను. ఆమె రింగులూ గుడ్డా పట్టుకొని చూసి, "రెండూ కలిపి కుడితే చీరకు కొంచెం తక్కువొస్తాది. కుచ్చిళ్లు రావు, పర్వాలేదా?" అనింది.

"కుచ్చిళ్లు లేకపోయినా బతుకుతానక్కా. వదిన లేకపోతే కష్టం" అన్నాను.

రింగులు కత్తిరించి, రెండూ జోడించి కుట్టిచ్చింది. కట్టుకుంటే ముందర రెండే రెండు కుచ్చిళ్లు. పమిట భుజం దాటి వెనక్కి జానెడు. పెద్దగా ఊపిరి తీస్తే జారిపోతుంది. గుడ్డ ఎంత మందమంటే, మదనపల్లె నుంచి పుంగనూరు పోయేలోపల నేను ఆవిరి ఇడ్లీ అయిపోయినాను.

మండపంలో వదిన నన్ను చూసి ఎదురొచ్చింది. "ఎంత బాగుండావే! అచ్చం అదే రంగు!" అని చేయి పట్టుకొని స్టేజి మీదికి తీసుకుపోయింది. ఇద్దరం పక్కపక్కన నిలబడినాం. ఫోటోలు తీస్తాండారు. దేవుడు ఉండాడు అనుకున్నాను.

ఫోన్ మోగింది. మండపంలో ఎక్కడో ఉండే మా ఇంటాయనేమోనని ఎత్తినాను. మేళం చప్పుడుకు వినపడక స్పీకర్ పెట్టినాను.

"మేడం, రిటర్న్ పికప్‌కు వచ్చినాను. ఇంటికి తాళమేసుండాది. ప్రొడక్ట్ యాడ ఉండాది మేడం?"

స్పీకర్ ఆపేది మరిచి చెప్పేసినాను. "పుంగనూరులో ఉండాదప్పా."

"పుంగనూరులో యాల ఉండాది మేడం?"

"కట్టుకోనుండాను."

 ఆ అబ్బాయి మెల్లగా అడిగినాడు. "కర్టెన్నా మేడం?"

వదిన నా వైపు తిరిగింది. నా పమిట అంచు రెండు వేళ్లతో పట్టుకొని నలిపి చూసింది. నడుం దగ్గర కుట్టు చూసింది. ముఖం ఎర్రబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అటు తిరిగేసింది. భుజాలు అదురుతాండాయి. అయిపోయింది, ఏడిపించేసినాను, ఇంకీ జన్మలో మాటల్లేవు అని నేనూ ఏడుపు మొదలుపెట్టబోయినాను.

ఏడుపు కాదు. నవ్వు! నిలబడలేక పెండ్లికొడుకు కోసం వేసిన కుర్చీలో కూలబడి నవ్వుతాండాది. కూతురి చెవిలో చెప్పింది. పెండ్లికూతురు తలంబ్రాలు పట్టుకొని నవ్వు. ఆ పాప పెండ్లికొడుక్కు చెప్పింది. భోజనాల దగ్గరికి పోయేసరికి వడ్డించేవాళ్లకు గూడా తెలిసిపోయింది. "ఆ కర్టెన్ అక్కకు ఇంకొంచెం పాయసం ఎయ్యప్పా" అని ఒకాయన కేకేసినాడు.

చేతులు కడుక్కునే కాడ వదిన కండ్లు తుడుచుకుంటా అడిగింది. "రంగు దొరకలేదని నాకొక ఫోన్ చేసుంటే అయిపోయేది గదమే! మనిద్దరం ఒకే రంగు ఉండాలనుకున్యా గానీ, అది ఉల్లిపొరే కావాలని ఎవరన్నారు? నాకాడ నీలం పట్టుచీర ఉండాది. నీకాడ ఒక నీలం చీర లేదా?"

ఉండాది. బీరువాలో ముందర వరసలోనే ఉండాది. ఒకటి కాదు, రెండు.

ఇంటికొచ్చినాక ఆ గుడ్డను విప్పి మంచం మీద పడేసినాను. మా ఇంటాయన దాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని బీరువాలో పెట్టేదా, తలుపుకు తగిలించేదా?" అన్నాడు.

రింగులు లేవు, తలుపుకు పనికిరాదు. కుచ్చిళ్లు చాలవు, ఒంటికి పనికిరాదు. ఇంట్లో దేనికీ పనికిరానిది నేనొకదాన్నే అనుకుంటాంటి, ఇప్పుడు నాకు తోడు వచ్చింది.