వెనక కాళ్ళు లేని కుర్చీ

కుర్చీ చేయడానికి మేస్త్రీ పెద్దగా కష్టపడలేదు. దాని ఫొటో తీయడానికి మాత్రం తలప్రాణం తోకకొచ్చింది.

కొత్తగా కాఫీ హోటలు తెరవబోతున్న ఒకావిడ కుర్చీలన్నీ అతని చేతే చేయించాలనుకుంది. ముందు ఒకటి చేసి, అది పూర్తయిన రోజే సాయంత్రంలోగా ఫొటో పంపమంది. నచ్చితే ఏడాదంతా రంపం ఆగదు. లేదంటే, మళ్ళీ విరిగిన మంచాలకు కోళ్ళు బిగించుకోవడమే.

షెడ్డు గోడ నిండా బంక డబ్బాలు, చెక్కముక్కలు, వేలాడే రంపాలు. అవన్నీ మసకబారాలి. కెమెరాలో అంకె తగ్గిస్తే లెన్సు లోపలి రంధ్రం పెద్దదై వెనకున్నవి మసకబారతాయని, ఆ కెమెరా అరువిచ్చిన బావమరిది చెప్పాడు. మేస్త్రీ అంకెను ఆఖరికంటా తగ్గించాడు. అది చాలదన్నట్టు కుర్చీ మీద పడిపోయేంత దగ్గరికెళ్ళి తీసి పంపాడు.

వెంటనే ఆవిడ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "కుర్చీ చేతులు బాగున్నాయండీ. వెనక కాళ్ళేవి? సరిగ్గా కుదరక దాచేశారా?"

మేస్త్రీకి ఒళ్ళు మండింది. అంకె పెంచి తీస్తే కాళ్ళు వచ్చాయి, బంక డబ్బాలూ వచ్చాయి. తగ్గిస్తే రెండూ పోయాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మధ్యాహ్నం బావమరిది వచ్చి ఫొటోలు చూశాడు.

"కుర్చీని గోడకెందుకు ఆనించావు బావా?"

"పూర్తయిన సామాను గోడకే పెట్టాలి. మధ్యలో ఉంటే ఎవడో ఒకడు చెక్కతో గీరేస్తాడు. మా నాన్న నాటి నుంచీ అంతే."

"కెమెరాకి మీ నాన్నెవరో తెలీదుగా. కాళ్ళూ గోడా ఒకేచోట ఉంటే అది మాత్రం దేన్ని వదిలేస్తుంది?"

మేస్త్రీ గొణుక్కుంటూ పనిబల్లను పక్కకు ఈడ్చి, కుర్చీని షెడ్డు మధ్యకు తెచ్చాడు. గుమ్మం దాకా వెనక్కెళ్ళి, జూమ్ చేసి, అంకెను కాస్త పెంచి, సీటు అంచు మీద ఫోకస్ పెట్టాడు. నాలుగు కాళ్ళూ తేటగా వచ్చాయి. గోడ మీది సామానంతా ఉత్త రంగు మరకలైంది.

"చూశావా?"

"చూశాను. పొద్దున్నే చెప్పి చావొచ్చుగా."

"గోడకి చేరేస్తావని కలగన్నానా?"

ఆ ఫొటో పంపితే ఈసారి ఆవిడ నుంచి జవాబు వచ్చింది: "కుర్చీలు మీరే చేయండి. పంపేముందు ప్రతిదానికీ ఇలాంటి ఫొటో కావాలి."

"ప్రతిదానికీనా?" అని మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. పనిబల్లను యథాస్థానానికి ఈడ్చబోయి, ఆగి, పక్కనే వదిలేశాడు.