జేజి బెంచీకి ఇత్తడి అతుకులు

మా చిన్నప్పుడు, కోతపండగకు ముందురోజు పొద్దున్నే, ఆరడుగుల వేపచెక్క ఒకటి బస్సు టాపెక్కి నంద్యాలకు బయలుదేరింది. దాని రక్షణకు మా నాయన, పర్యవేక్షణకు నేను. నాకప్పుడు పదేళ్లు. ఆ బాధ్యత నాకెవరూ అప్పగించలేదు... నేనే స్వీకరించాను.

"పైన గోనెపట్టలో ఏందప్పా అది, పీనుగా?" అన్నాడు కండక్టరు.

"మాయమ్మ కూచునేకి బెంచీ," అన్నాడు నాయన.

"అట్లనా! గట్టిగా కట్టినావా మరి? ఈ రోడ్డున గతుకులకు మనుషులే నిలవరు."

విషయ నేపథ్యం సంక్షిప్తంగా మనవి చేస్తాను. మాది ఆళ్లగడ్డ దారిలో ఒక పల్లె. మా చర్చిలో ప్రసంగం చేసే అయ్యగారికి ఒక కుర్చీ, మిగతా విశ్వాసులందరికీ చాపలు. నాయనను కన్న మా జేజికి మోకాళ్ల నొప్పులు. చాప మీద కూర్చోవడం ఆమె చేతిలోని పని. లేవడం మాత్రం కాదు. ఒక ఆదివారం ముగ్గురు పట్టి లేపాల్సి వచ్చింది. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు...

ఆ రోజునుంచి జేజి చర్చికి రావడం మానేసింది. ఆదివారం పూట మా గడపలో నిలబడి, అక్కడికి వినిపించినంత పాట వినేది. పంటలో కొంత చర్చికిచ్చే కోతపండగకు కానుకగా ఇవ్వాలని పెరట్లో తానే నీళ్లు పోసి పెంచిన గుమ్మడికాయను కూడా "మీరే తీస్కపోండి" అనేసింది.

ఆ మాటతో నాయన బెంచీ నిర్మాణానికి తీర్మానించాడు.

వానల్లో పడిపోయిన వేపమానును వడ్రంగి నాగన్న కోసి, చక్కని చెక్క తీశాడు. అంచులకు బెరడు అట్లే ఉంది. రెండు చివరలా కాళ్లకు రంధ్రాలు పెట్టాడు. "నీడన పెట్టు సారూ. పండగ దాకా ఎండ తగలనీయొద్దు," అని చెప్పి మరీ వెళ్లాడు.

నాయన బడిపంతులు. బట్టలను ఆరబెట్టే ఎండ చెక్కను మాత్రం ఎందుకు ఆరబెట్టదని ఆయన వాదన. మూడు రోజులు మిద్దె మీద ఎండబెట్టాడు. నాలుగో రోజు చెక్క ఈ చివరినుంచి ఆ చివరిదాకా నెర్రె ఇచ్చింది. బడిలో ఆయన సామాన్యశాస్త్ర బోధన యథావిధిగా కొనసాగింది.

"చెక్క గొంతు తడారి సచ్చింది గదా సారూ!" అని నాగన్న తల పట్టుకున్నాడు. "ఇంగ నావల్ల కాదు. నంద్యాలలో ఖాజా ఉండాడు, ఇత్తడి పట్టీలు వేసి బిగిస్తాడు. ఆయప్ప దగ్గరికి పో."

అదీ మా ప్రయాణ కారణం.

ఖాజా మామ పగిలిన బిందెలకు మాట్లు వేసేవాడు. నెర్రె పొడవునా వేలితో నిమిరి, "యాడికి సారూ ఇది?" అన్నాడు.

"మా చర్చిలోకి. అతుకు అతుకు మాదిరి కనపడగూడదు, చూసేకి బాగుండల్ల," అన్నాడు నాయన. అంతే అన్నాడు. పాఠం చెప్పేటప్పుడు ఒకే విషయాన్ని నాలుగుసార్లు చెప్పే మనిషి, ఇక్కడ మాత్రం సగం చెప్పి ఊరుకున్నాడు.

సాయంత్రం వెళ్లేసరికి చెక్కను గోనెపట్టలో చుట్టి సిద్ధంగా ఉంచాడు ఖాజా మామ. "ఈడ విప్పొద్దు. ఇంటికి పోయి అందరి ముందర విప్పండి," అన్నాడు, ముఖం వెలిగిపోతుండగా. అవతల బస్సు హారను. పరుగో పరుగు...

ఇంటి ముందు వీధంతా గుమిగూడింది. నాయన తాడు విప్పాడు.

నెర్రెకు అడ్డంగా, వరుసగా, ఏడు ఇత్తడి సిలువలు! ప్రతి కొసకూ ఒక చిన్న ఆకు. ప్రతి అంచునా సన్నని తీగ చెక్కడం. నేను ఎగిరి గంతేశాను. చప్పట్లు కొట్టాను. అంత మెరుపు మా వీధిలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

జేజి వంగి ఒక సిలువను ముట్టుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సిలువ మింద కూచుంటానా నేను?"

చర్చికని నాయన అన్నాడు కాబట్టి ఖాజా మామ తనకు తెలిసిన గౌరవమంతా పోసి చేశాడు. దాని మీద మనుషులు కూర్చుంటారన్న సంగతి మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అయ్యగారిని పిలుచుకొచ్చారు. ఆయన చాలాసేపు చూసి, మీద దుప్పటి కప్పవచ్చన్నారు.

"కప్పితే లేకుండా పోతాదా అయ్యగారూ?" అంది జేజి.

"పీకితేనో?" అన్నాడు నాయన.

"పీకితే చెక్క రెండైతాది," అన్నాడు నాగన్న. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "తిరగేద్దామా? కాళ్ల రంధ్రాలు ఆరపార ఉండాయి, నాకు ఏ పక్కైనా ఒకటే."

"కిందున్నా సిలువే గదా నాగన్నా..." అన్నాడు నాయన.

అందరూ జేజి వైపు చూశారు. తెల్లవారితే పండగ. గుమ్మడికాయ గడప పక్కనే ఉంది. జేజి దాన్ని చూసింది, చెక్కను చూసింది.

"పైనుంటే నేను దాని మింద కూచున్నట్టు. కిందుంటే అది నన్ను మోస్తాన్నట్టు. తిప్పు నాగన్నా."

అయ్యగారు ఈ వ్యాఖ్యానాన్ని అక్కడికక్కడే ఆమోదించారు.

మర్నాడు జేజి గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని చర్చిలో బెంచీ మీద కూర్చుంది. ఇంకో ముగ్గురు ముసలమ్మలు అడక్కుండానే వచ్చి పక్కన సర్దుకున్నారు. కానుకలకు పిలవగానే, గుమ్మడికాయతో సహా తనంతట తానే లేచింది. వెనక వరుసలో ఎవరూ నవ్వలేదు.

పెద్దలకు కనిపించింది ఒట్టి వేపచెక్కే. బెంచీ కాళ్ల దగ్గర చాప మీద చేరిన మా పిల్లలకు మాత్రం, ముసలమ్మల చీర అంచుల వెనక, ఏడు సిలువలూ తళతళలాడుతూ కనిపించేవి... ఆ చోటు కోసం మేం తోసుకునేవాళ్లం. ఆ ఏడాది ప్రసంగాల సారాంశం నన్ను అడగవద్దని మనవి.

ఇప్పుడు ఆ చర్చి నిండా ప్లాస్టిక్ కుర్చీలు. చాపలు లేవు. గోడ పక్కన బెంచీ మాత్రం ఉంది. మొన్న వెళ్లినప్పుడు దాని మీదే కూర్చున్నాను, జేజి మోకాళ్లు నాకు వారసత్వంగా సంక్రమించాయి కనుక. ఏ చిన్నపిల్లయినా కిందినుంచి చూస్తోందేమోనని ఆశగా వంగి చూశాను... నేల ఖాళీగా ఉంది.

నేల మీద కూర్చున్న రోజుల్లో మాత్రమే కనిపించి, ఆ తర్వాత ఎప్పుడూ కనిపించనివి మీకూ ఏవైనా ఉంటే, కింద రాయండి... వంగి చదువుతాను.