ధర్మం పిలగాడి ఉపన్యాసం

ఈ మధ్య కూరగాయలు కొంటే కరివేపాకు ఊరికే ఇవ్వడం మానేశారు. ధరలు పెరిగాయని నాకు బాధ లేదు. పెన్షను కూడా దాని శక్తి కొద్దీ అది పెరుగుతూనే ఉంది. కానీ కిలో వంకాయలు, అరకిలో బెండకాయలు కొన్న మనిషి సంచిలో రెండు రెబ్బలు పడేయడానికి చెయ్యి రాకపోతే లోకం ఎటు పోతోందా అని ఆలోచించే వయసు నాది. మొన్న సూర్యాపేట మార్కెట్లో ఈ విషయాన్ని అమ్మే ఆమె దృష్టికి తెచ్చాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "కట్ట పది రూపాలు సారూ. ఊకెనే ఇయ్యటానికి నాకేమన్న ధర్మానికి వస్తున్నదా?" అంది. కట్ట కొనుక్కుని మర్యాదగా ఇంటికి వచ్చాను. దారిలో మాత్రం ఆ మాట వదల్లేదు. నాకు ధర్మానికి వచ్చింది ఈ ఊళ్ళోనే ఒకటుంది. అది నా ఎం.ఏ.

ఇది అరవైల నడిమి సంగతి. అప్పట్లో కూరగాయల అంగట్లో కొసరు కొనేవాడికి వచ్చేది. గింజల అంగట్లోనూ కొనేవాడికే వచ్చేది గానీ, అమ్మేవాణ్ణి అడిగి తీసుకునే అలవాటు లేదు. రైతు బండి దిగగానే దుకాణం వాళ్ళు మచ్చు చూడటానికని ఒక గుప్పెడు తీసేవారు. అది తిరిగి బస్తాలోకి వెళ్ళడం నేను చూడలేదు. తడి ఉందనో మట్టి ఉందనో తూకంలో కొంత తగ్గించేవారు, దాన్ని తరుగు అనేవారు. చివరికి బస్తా మూతి కుట్టే ముందు హమాలీ ఒక దోసెడు గింజలు తీసి, "ధర్మం" అని గట్టిగా అని, మూలనున్న కుప్ప మీద పోసేవాడు. దానిమీద వచ్చిన డబ్బుతో సేట్లు సత్రాలు కట్టించేవారు, ఎండాకాలం చలివేంద్రాలు పెట్టించేవారు, బోర్డు మీద తమ పేరు రాయించుకునేవారు. రైతుల పేర్లు రాయాలంటే అంత పెద్ద బోర్డు దొరకదు కదా.

తుంగతుర్తి దగ్గర మా ఊరినుంచి ఆ అంగడికి పెసలు తెచ్చే వాళ్ళలో మా పెద్దమ్మ ఒకతె. మా అమ్మకు అక్క. చిన్నప్పుడే భర్త పోయాడు, పిల్లలు లేరు, నాలుగెకరాల మెట్ట చెలక ఉంది. మగవాళ్ళ చేతికిచ్చి పంపితే సగం పైసలు దారిలో కల్లు తాగుతాయని ఆమె అభిప్రాయం. అందుకని కిరాయి బండి కట్టించుకుని, బస్తాల మీద తనే కూర్చుని, కొంగు నెత్తిమీద వేసుకుని, రాజులు ఏనుగు మీద వచ్చినట్టు వచ్చేది. నడిచేటప్పుడు ఎడమ చెయ్యి నడుము మీద పెట్టుకునేది. మాట్లాడే ముందు ఒకసారి దగ్గేది. ఆమె మాటలు మా ఇంట్లో పండుగ భోజనం లాంటివి. ఒకసారి పెసల్లో మట్టిపెళ్ళ దొరికితే కాంటా వేసే దడువాయి దాన్ని ఎత్తి చూపించి, ఇదేమిటని నిలదీశాడట. ఈవిడ దగ్గి, "అది సుత నా చేన్లదేనయ్యా, దాని పైసలు నేను అడుగుత లేను" అన్నదట. దుకాణం దుకాణమంతా నవ్విందట.

నాకు యూనివర్సిటీలో అర్థశాస్త్రం ఎం.ఏ.లో సీటు వచ్చినప్పుడు మా నాయిన ఆ కాగితాన్ని మూడుసార్లు మడిచి, మూడుసార్లు విప్పి, దూలం సందున పెట్టాడు. అంటే చదువు ముగిసిందని అర్థం. పెద్దమ్మ దాన్ని దూలంలోంచి తీసి, నన్ను వెంటబెట్టుకుని సూర్యాపేట వచ్చి, తన సరుకు కొనే సేటు గద్దె ముందు చతికిలబడింది.

"సేటూ, ఏండ్లకేండ్లు నీ దుకాణానికే తెస్తున్న. పక్కదుకాణపోడు రూపాయెక్కువ ఇస్తనన్నా వోలే. అవునా, కాదా?"

"అవునమ్మా."

"మా చెల్లె కొడుకు. సదువు మంచిగొస్తది. నోరు జర ఎక్కువ, గని సదువు మంచిగొస్తది. ఫీజు నువ్వే కట్టాలె."

సేటు చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పడం న్యాయం. నన్ను చూశాడు, మూలనున్న కుప్పను చూశాడు, "ధర్మముండనే ఉన్నది గద, దాంట్లకెల్లి కడదాం" అన్నాడు. అలా నేను సత్రాల సరసన, చలివేంద్రాల సరసన చేరాను. అర్థశాస్త్ర విద్యార్థినై ఉండీ, ఆ కుప్పలో ఎవరి పెసలున్నాయన్న ఆలోచన నాకు రాలేదు. మా సిలబస్‌లో లేదు.

ఫీజు కట్టే రోజులు రాగానే హైదరాబాదు నుంచి బస్సులో వచ్చి దుకాణంలో కూర్చునేవాణ్ణి. సేటు డబ్బు వెంటనే ఇచ్చేవాడు కాదు. ఇవ్వకూడదని కాదు, నలుగురూ వచ్చేదాకా ఆగేవాడు. ఎవరు వచ్చినా నన్ను చూపించి, "మన ధర్మం పిలగాడు. ఎమ్మే సదువుతున్నడు" అనేవాడు. వచ్చినవాళ్ళు నన్ను మచ్చు చూసినట్టు చూసేవారు. ఒకాయన నా జబ్బ పట్టుకుని నొక్కి కూడా చూశాడు, ఎందుకో తెలియదు. నేను లేచి నమస్కారం పెట్టేవాణ్ణి. రెండేళ్ళలో ఎన్ని నమస్కారాలు పెట్టానంటే, ఆ తర్వాత చాలా కాలం దేవుడికి కూడా పెట్టబుద్ధి కాలేదు. హాస్టల్లో మాత్రం నేను వేరే మనిషిని. వార్డెన్ నడక, ప్రొఫెసరు ముక్కుపొడి, వంటమనిషి ఏడుపు, అన్నీ చేసి చూపించేవాణ్ణి. సేటును ఒక్కణ్ణి చేయలేదు. కృతజ్ఞత అని చెప్పుకునేవాణ్ణి. భయమని ఇప్పుడు చెప్పుకోవచ్చు.

చివరి ఏడాది చివరి ఫీజు. గడువు దాటితే పేరు కొట్టేస్తామని నోటీసు బోర్డు మీద పెట్టారు. పరీక్షకు కూర్చోవడమో, ఊరికి వచ్చి చెలకలో కూర్చోవడమో అన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి. సేటుకు ఉత్తరం రాస్తే, కొత్త గోదాము తెరుస్తున్నామని, కోదాడ నుంచీ మిర్యాలగూడ నుంచీ పెద్దమనుషులు వస్తున్నారని, వాళ్ళ చేతుల మీదుగా అందరి ముందూ ఫీజు ఇప్పిస్తానని, వచ్చి రెండు మాటలు మాట్లాడమని జవాబు రాశాడు.

గోదాములో సున్నం వాసన, కొత్త గోనెల వాసన. ముందు బల్ల, దాని మీద కొబ్బరికాయ, తమలపాకులు, ఫీజు డబ్బు పెట్టిన కవరు ఒక పళ్ళెంలో. వెనక, తలుపు దగ్గర, కాంటా. అంగడి రోజు కాబట్టి అది ఆగదు. నేను లేచి దానం గురించి, విద్య గురించి, సేటు హృదయం గురించి రాసుకొచ్చినది చదివాను. రెండు నిమిషాలకు మిర్యాలగూడ మిల్లు యజమాని ఆవలించాడు. మూడో నిమిషానికి సేటు ముఖంలో, పెట్టిన డబ్బుకు సరుకు రాలేదన్న దిగులు కనిపించింది. కాగితం మడిచి జేబులో పెట్టి, భుజం మీది తువ్వాలు నెత్తిన కొంగులా వేసుకుని, ఎడమ చెయ్యి నడుము మీద పెట్టి, ఒకసారి దగ్గాను. మట్టిపెళ్ళ కథ చెప్పాను.

గోదాము ఘొల్లుమంది. ఆవలించిన నోరే అందరికన్నా పెద్దగా నవ్వింది. కోదాడ పెద్దమనిషి కళ్ళు తుడుచుకుంటూ, "భలేవాడివయ్యా! ఇంకోసారి చెప్పు అబ్బాయ్, వెనకాలున్న మావాళ్ళకి సరిగ్గా వినపడలేదు" అన్నాడు.

అడిగితే ఆగే రకం కాదు నేను. కానీ అదే కథ రెండోసారి చెబితే చప్పగా ఉంటుంది. ఏదో ఒకటి కలపాలి. దగ్గి, "మీకొక ముచ్చట చెప్పాల్నా సేటూ, రాంగ రాంగ వాగుల బండి ఆపి బస్తాలకు ఇన్ని నీళ్ళు తాపిన. అయి సుత పాణమున్నయే గద, దూప గాదా?" అన్నాను. అది మా పెద్దమ్మ ఎన్నడూ అనలేదు. తూకం పెరగాలని గింజలు తడపడం ఎన్నడూ చేయలేదు. నాకు అక్కడికక్కడ పుట్టింది. చాలా బాగా పుట్టిందని కూడా అనుకున్నాను.

అందరూ నవ్వుతున్నప్పుడు దడువాయి ఒక్కడు తల తిప్పి తలుపు వైపు చూశాడు. నేనూ చూశాను. కాంటా పక్కన నాలుగు బస్తాలు, వాటి మీద పెద్దమ్మ. నేను మాట్లాడతానని తెలిసి, వినడానికి ఆ రోజే చూసుకుని సరుకు తెచ్చిందట. మట్టిపెళ్ళ కథకు ఆమె కూడా నవ్వినట్టుంది. ఆ నవ్వు ముఖం మీద ఇంకా మిగిలి ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచనట్టు.

దడువాయి బస్తా మూతి విప్పుతూ, అందరికీ వినపడేలా, "ఏంది పెద్దమ్మా, తొవ్వల దూప తీరిందా నీ బస్తాలకు?" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

"చెయ్యి వెట్టి సూడు. గలగలమంటున్నయి. నోట్లేస్కొని కొరుకు" అంది పెద్దమ్మ.

అతను ఒక గింజ నోట్లో వేసుకుని కొరికాడు. టక్కుమంది. బల్ల దగ్గర కూర్చున్న నాకు వినిపించింది. తడి గింజ అలా విరగదు. ఆ సంగతి అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. కానీ సభ మంచి ఊపులో ఉంది, అతిథులు సంతోషంగా ఉన్నారు, సేటు ఆ సంతోషాన్ని ఇంకాస్త సాగదీద్దామనుకున్నాడు. "మీ పిలగాడే చెప్తుండె గదమ్మా, యూనివర్సిటీల సదివినోడు! ఇగ అబద్ధమెట్లయితది? బస్తాకు రెండు సేర్లు తరుగు తియ్యి."

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను అనవలసింది చిన్న మాట: సేటూ, అది నేను కల్పించింది. పళ్ళెం నాకు మూరెడు దూరంలో ఉంది. కవరు ఇంకా నా చేతికి రాలేదు. సరుకుకు ధర ఎలా నిర్ణయమవుతుందో రెండేళ్ళు చదివిన నేను, తమలపాకుల ఈనెలు చూస్తూ కూర్చున్నాను. హమాలీ నాలుగు బస్తాల్లోంచీ నాలుగు దోసిళ్ళు తీసి, "ధర్మం" అంటూ కొత్త మూలలో పోశాడు. ఆ గోదాములో ధర్మం కుప్పకు బోణీ అదే.

కోదాడ పెద్దమనిషి కవరు అందించాడు. చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టాను, అలవాటు ప్రకారం.

బస్టాండులో పెద్దమ్మ నాకోసం నిలబడి ఉంది. కొంగులో నాలుగు జామకాయలు. "ఫీజు అందిందా?" అంది. అందిందన్నాను. "బస్సుల జేబు పైలం" అంది. జామకాయలు నా సంచిలో పోసి, బండి వైపు నడిచింది, ఎడమ చెయ్యి నడుము మీద పెట్టుకుని. ఆ రోజు తర్వాత నేను హాస్టల్లో ఎవరి నడకా చేసి చూపించలేదని రాస్తే బాగుంటుంది. వారం ఆగాను.

పరీక్ష పాసయ్యాను. మిర్యాలగూడలో కాలేజీ ఉద్యోగం వచ్చింది. డెబ్బైలు వచ్చేసరికి సాగర్ కాలువ నీళ్ళు పారి ఆ ఊరు వడ్ల మిల్లులతో, తవుడు వాసనతో నిండిపోయింది. అంత నీరు ఒక్కచోట ఎలా ఉంటుందో చూడాలని పెద్దమ్మ ఒకసారి మా ఇంటికి వచ్చింది. కాలువ గట్టు మీద చాలాసేపు నిలబడి, "ఇది మన దిక్కు రాదా?" అని మాత్రం అడిగింది. రాదన్నాను. ఇంటికి వచ్చాక నేను కొన్న చీర ఆమె ఒళ్ళో పెట్టాను. మంచి చీరే. ఆమె అంచు పట్టి చూసి బాగుందంది. అప్పుడు ఎంతో కాలంగా దాచుకున్న మాట తీశాను. అదైనా సూటిగా తీయలేదు. ఏదో నవ్వుతూ, ఆ రోజు గోదాములో నోరు జారాను పెద్దమ్మా, ఆ ఒక్కనాడు చాలా తప్పు చేశాను అన్నాను. పదేళ్ళు కావస్తోంది. అన్ని ఏళ్ళలో ఎంత గట్టి మాటైనా అరిగిపోయి ఉంటుందని, మన తప్పులకు మనం అడగకుండానే కాలం తరుగు తీస్తుందని నా నమ్మకం.

పెద్దమ్మ చీర మడత పెట్టి పక్కన పెట్టింది. దగ్గింది.

"నువ్వు ఒక్కనాడే అన్నవు కొడుకా. నేను ఏ కాంటకు వోయినా, ఇయ్యాల్టికి సుత, అందరికన్న ముందుగాల నా బస్తాలనే చెయ్యి వెట్టి సూస్తరు."