మా వియ్యంకుణ్ణి పేరు పెట్టి పిలిచిన ఊరు

దక్షిణ జర్మనీలో ఒక చిన్న ఊరి హోటల్లో నన్ను కుర్చీలోంచి లేపి, మా వియ్యంకుణ్ణి కూర్చోబెట్టారు.

దయ్యాలు, పూర్వజన్మలు అనేవాళ్ళతో జీవితమంతా తగువు పడ్డవాణ్ణి నేను. ఎనిమిదో తరగతితో బడి మానేసినా ఇంగ్లీషు, హిందీ సొంతంగా నేర్చుకున్నాను. వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉన్న కూతుర్ని చూడబోయే ముందు రెండేళ్ళు కూర్చుని జర్మన్ కూడా చదివాను. మా వియ్యంకుడు సత్యనారాయణగారికి అందులో ఒక్క ముక్క రాదు.

మొన్న ఆకురాలే కాలంలో అల్లుడు మురళి మా ఇద్దరినీ కారులో దక్షిణ జర్మనీకి తీసుకెళ్ళాడు. ఒకచోట రోడ్డు మూసేసి ఉంటే దారి మళ్ళి, మధ్యాహ్నం భోజనానికి ఆ ఊళ్ళో ఆగాం. ముందుగా అనుకున్న ఊరు కాదు.

కారు దిగగానే బ్రెడ్డు కొట్టావిడ బయటికొచ్చి, ఒక పొట్లం తిన్నగా మా వియ్యంకుడి చేతిలో పెట్టింది. "గింజల్లేనిదే ఉంచాను" అంది. ఆయనవి కట్టుడు పళ్ళు. గింజలుంటే తినలేరు. ఆ మాట ఆయనకు తెలుగులో చెప్పే పని నాకు పడింది. నేను "గూటెన్ టాగ్" అని నమస్కారం చెబితే ఆవిడ తల ఊపి ఊరుకుంది.

"మగపెళ్ళివారం కదా బావగారూ, ఇక్కడికీ కబురందినట్టుంది!" అని ఆయన నవ్వారు.

"పెళ్ళిలో మొదటి కాఫీ మీకే, ఇక్కడ మొదటి బ్రెడ్డూ మీకే. కానివ్వండి" అన్నాను.

హోటల్లో కిటికీ పక్క పెద్ద బల్ల ఖాళీగా ఉంటే కూర్చున్నాను. ఖాళీగా ఉన్నచోట కూర్చోవడం మన పద్ధతి. అక్కడ అలా కాదట, అది ఎప్పుడూ వచ్చే ఊరివాళ్ళ బల్లట. హోటలావిడ నన్ను "మీరు" అంటూనే లేపింది. తర్వాత ఆయన భుజం మీద చెయ్యి వేసి, "కూర్చో సత్తీ, నీ చోటే" అంది. నాకు మీరు, ఆయనకు నువ్వు. ఆ భాష చదివినవాడికే తెలుస్తుంది ఆ తేడా ఎంత చేరువో.

ఆయన నవ్వు ఆగిపోయింది. సత్తీ అని వాళ్ళమ్మ తప్ప ఎవరూ పిలవలేదట.

నేను బయటికొచ్చి కారు దగ్గర నిలబడ్డాను. మురళి వెనకే వచ్చాడు. "ఎవరో అనుకుని ఉంటారు, వదిలేయండి మామయ్యా."

"పేరు కూడా ఎవరిదో అనుకునే పిలిచారా?"

అమ్మాయి ఇంటికి తిరిగొచ్చాక ఆయన పాస్‌పోర్టు అడిగి తీసుకుని చూశాను. ఒకే ముద్ర ఉంది, ఈ రాకదే. నాలాగే ఆయన కూడా దేశం దాటడం ఇదే మొదలు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. భయంతో కాదు. భాష నేర్చినవాణ్ణి నేనైతే, ఊరు ఆయనదెలా అయింది?

చివరికి నిఘంటువు పక్కన పెట్టుకుని, హోటలావిడకు జర్మన్‌లో ఉత్తరం రాశాను. ఆయన మీకెలా తెలుసు అని అడిగాను. మూడు వారాలకు జవాబొచ్చింది. తప్పు చదివానేమోనని మురళి చేత కూడా చదివించాను. అతనూ నాలాగే చదివాడు.

నా జ్ఞాపకశక్తిని ఇంతవరకు ఎవరూ శంకించలేదు. ఆవిడ రాసింది ఇది:

"సత్తి మాకెలా తెలుసని మళ్ళీ అడిగారు. ఏటా ఈ కాలంలో మీరిద్దరూ కలిసే వస్తారు. ఆయన మాతో కూర్చుంటారు, మీరు కూర్చోరు. వెళ్ళాక ఈ ఉత్తరం రాస్తారు. ఇది నాలుగోది. నాలుగింటిలోనూ చేతిరాత ఒక్కటే, కోపం ఒక్కటే. మీ జర్మన్ మాత్రం ఏటేటా బాగుపడుతోంది."