తీతువు గూళ్లకు కాపలా పెట్టిన దర్జీ అక్క

దర్జీ అక్కగా అందరూ ఎరిగిన ఈమె వయస్సు యాభై ఏడు. ఈ విన్నపం వ్రాస్తున్నవారు ఆమెను ప్రకృతి పరిశీలక సంఘంలో ఇరవై ఏళ్లుగా ఎరుగుదురు. నదిగట్టు వీధిలో, మందుల దుకాణం పై అంతస్తులో, సంఘానికి ఉన్నది ఒకటే గది. సీతాకోకచిలుకల అద్దాల పెట్టెలు, తుప్పు వాసన వేసే ఇనుప బీరువా, కాళ్లు సమంగా నిలవని బల్ల. ఆ బల్ల కాలి కింద అట్టముక్క మడిచి పెట్టిందీ, పెట్టెల్లో పురుగు చేరకుండా చూసేదీ ఆమే. ఆదివారం వస్తే మాత్రం ఆమె గదిలో నిలిచే మనిషి కాదు. తెల్లవారుతూనే వీధిలోవారిని, పిల్లా పెద్దా అనక, వెంటబెట్టుకుని నది ఒడ్డుకు తీసుకుపోయి పక్షులను చూపించేది. వారమంతా కుట్టుమిషను మీద వంగిన నడుము ఆ ఒక్క పూట నిటారుగా నిలిచేది. ఆ నడకే ఆమెకు ఊపిరి అనడం అతిశయోక్తి కాదు.

తీతువు చెట్టుమీద గూడు కట్టదు. ఒడ్డున గులకరాళ్ల మధ్య, రాళ్ల రంగులో కలిసిపోయే గుడ్లు పెడుతుంది. చూడవచ్చేవారు పెరిగిన కొద్దీ తెలియక తొక్కేవారూ పెరిగారు. ఈ వేసవి మొదట్లో ఆమె ఒక ఉపాయం చెప్పింది. ప్రతి గూటి పక్కనా పుల్ల నాటి ఎర్ర పీలిక కడితే జనం తప్పుకుని నడుస్తారని. కార్యవర్గం ముక్తకంఠంతో ఒప్పుకుంది. తన కుట్టు దుకాణంలో మిగిలిన ఎర్ర తెరబట్టను ఆమే కత్తిరించి, ఆమే కట్టి, ఆమే నాటి వచ్చింది.

మరుసటి ఆదివారం మొదటి పుల్ల దగ్గర పెంకులే మిగిలాయి. రెండోదాని దగ్గరా అంతే.

"కుక్కల పనే అయ్యుంటుందిలే అక్కా," అన్నాడు మందుల దుకాణం యజమాని. సంఘ కార్యదర్శి ఆయనే.

దూరంగా మూడో పుల్ల మీద ఒక కాకి వాలింది. పీలికను ముక్కుతో లాగి చూసి, కిందికి దిగి, తీరిగ్గా గుడ్లు పొడిచి తిని, నేరుగా చివరిదైన నాలుగో పుల్ల మీదికి ఎగిరింది. వెదకలేదు, తడుముకోలేదు. తీతువుల జంట దాని నెత్తిమీద అరుస్తూ తిరుగుతూనే ఉంది. ఆమె పరుగెత్తింది. అందరూ చూస్తుండగానే పుల్లలన్నీ పీకేసింది. అప్పటికి గుడ్లు మిగిలిన గూడు ఒక్కటీ లేదు.

ఆమె భర్త ఇనుప ముక్కలు చెక్కే లేతు మిషను పనివాడు. ఆ మధ్యాహ్నం భార్యను నవ్వించబోయి నోరు జారాడు.

"పోనీలేవే, కాకులకి విందెక్కడో బోర్డు కట్టి మరీ చెప్పావు!"

"నవ్వండి. మీకేం, ముక్క పాడైతే ఇంకో ముక్క బిగిస్తారు."

"నేనేదో సరదాకి..."

"చెవుల్లో ఆ అరుపే ఉందండీ. ముద్ద దిగట్లేదు."

ఆయన కూడా పళ్లెం పక్కకు జరిపాడు.

ఆ వారం సమావేశంలో ఆమె రాజీనామా చేసి, గది తాళంచెవి బల్లమీద పెట్టింది. కార్యదర్శి దాన్ని వెనక్కి నెట్టాడు.

"కంచే చేను మేస్తుందని ఎవరనుకుంటారక్కా? మేమందరం చేతులెత్తలేదా?"

"ఎత్తారు. నాటింది నేను."

"ఆదివారం జనం వస్తే ఏం చెప్పను?"

"నడిపించే మనిషి లేదని చెప్పండి."

వెనక కూర్చున్న సభ్యుడొకరు, "పిట్టల ఊసు తెలియనోళ్లే నయం, వాటి జోలికి పోరు," అని గొణిగారు. గొణుగుడే అయినా గది చిన్నది. ఆమె తల దించుకుని మెట్లు దిగిపోయింది. నాటి నుంచి ఆదివారపు నడక లేదు. వచ్చినవారు వంతెన దగ్గర కాసేపు నిలబడి, ఎవరికి వారు ఒడ్డుమీదికి దిగుతున్నారు.

ఇంతలో తీతువులు మళ్లీ గుడ్లు పెట్టాయి. కార్యదర్శి ఆ సంగతి చెప్పడానికి ఆమె దుకాణానికి వెళ్లాడు. కత్తెర ఆగింది. "నాకు చెప్పకండి," అంది.

"ఎవరూ చూసుకోకపోతే జనం తొక్కేస్తారక్కా."

"మనం చూస్తే కాకీ చూస్తుంది."

"మరేం చేద్దాం?"

ఆమె తల ఎత్తలేదు. "గుర్తులొద్దు. ఒడ్డుకు దిగే బాట మొదట్లోనే ఒక మనిషి నిలబడి అందర్నీ వెనక్కి తిప్పాలి. నేను కాదు, ఇంకెవరైనా."

"మీరు కాక ఇంకెవరు చెప్తే వింటారు?"

ఆమె మిషను తొక్కుతూ కూర్చుంది. సూదిలో దారం లేదని కార్యదర్శికి కనబడుతూనే ఉంది.

కావున కార్యవర్గానికి సవినయంగా మనవి చేసుకునేదేమనగా, ఆమె రాజీనామాను ఆమోదించవద్దు. గుడ్లు పిల్లలై నడిచేవరకు బాట మొదట్లో జనాన్ని ఆపే బాధ్యతను ఆమెకే అప్పగిస్తూ తీర్మానించాలి. ఆమె ఒప్పుకుంటుందని హామీ ఇవ్వలేము. ఒంటరిగా నిలబడమంటే మాత్రం ఒప్పుకోదు. కనుక ఆనాడు చేతులెత్తిన సభ్యులందరూ వంతులవారీగా ఆమె పక్కన నిలబడాలనీ, సమావేశంలో గొణిగిన సభ్యులవారే స్వయంగా ఆమె దుకాణానికి వెళ్లి ఈ వర్తమానాన్ని చెప్పాలనీ ప్రార్థన.