చేపల అత్త పెట్టిన మెత్తటి అన్నం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో గోధుమ అంటే జబ్బుపడ్డవాళ్ళ తిండి. ఒంట్లో బాగున్నవాళ్ళెవరూ దాని జోలికి పోయేవారు కాదు. చుట్టూ వరిచేలు, గాదె నిండా ధాన్యం. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం వేడన్నం, రాత్రికి మళ్ళీ అన్నం. కానీ జ్వరం వచ్చినా, కడుపు చెడినా, ఇంట్లోవాళ్ళు ముందు చేసే పని అన్నం ఆపెయ్యడం. అన్నం బరువనీ, అరగదనీ నమ్మకం. రేషను డిపోలో ఇచ్చిన గోధుమలు కడిగి ఎండబెట్టి, మరలో రవ్వ పట్టించి, జావ కాచి పోసేవారు. ఇప్పుడైతే నిక్షేపంలా ఉన్నవాళ్ళు కూడా రాత్రిళ్ళు అన్నం మానేశామని గొప్పగా చెప్పుకుంటున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎందుకు మండుతుందో తెలియాలంటే మా చెల్లి సంగతి చెప్పాలి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, చెల్లికి నాలుగు. ఎండాకాలం చివర్లో దానికి విరేచనాలు పట్టుకున్నాయి. ఏ పిల్లలకైనా వచ్చేవే, మూడు రోజుల్లో కట్టాల్సినవే. సైకిలు మీద ఊళ్ళు తిరిగే డాక్టరు గారొకాయన వచ్చి బిళ్ళలిచ్చి, అన్నం మాటెత్తొద్దు, తగ్గేదాకా గోధుమ జావ ఒక్కటే పొయ్యమని చెప్పి వెళ్ళారు. అమ్మ ఆయన చెప్పింది చెప్పినట్టు చేసింది. మూడు రోజులు కాదు కదా, మూడు వారాలైనా తగ్గలేదు. తగ్గలేదు కాబట్టి అన్నం ఇంకా పెట్టకూడదు, అన్నం పెట్టకూడదు కాబట్టి మళ్ళీ జావ. ఆ సుడిలో నుంచి బయటికి వచ్చే దారే మా ఇంట్లో ఎవరికీ కనపడలేదు.

చెల్లి చేతులూ కాళ్ళూ పుల్లలైపోయాయి. పొట్ట మాత్రం ఉబ్బి బిగిసిపోయింది. అంతకు ముందు వాకిట్లో కోడిపిల్లల వెంట పరిగెత్తిన పిల్ల, గోడకి చేరబడి కూర్చుంటే లేవడానికి నా చెయ్యి అడిగేది. జావ గిన్నె చూస్తే మొహం తిప్పుకునేది. అన్నం కావాలని ఏడ్చేది. అది ఏడుస్తుంటే తినలేక అమ్మ తలుపు చాటున గోడవైపు తిరిగి కూర్చుని నాలుగు ముద్దలు మింగి లేచిపోయేది. అమ్మ చెడ్డదని ఎవరూ అనుకోకండి. కూతుర్ని బతికించుకోవాలనే ఆవిడ అంత కఠినంగా ఉంది. మా అమ్మని ఒక్క మాట ఎవరన్నా అంటే ఇప్పటికీ నేను ఊరుకోను.

మా పశువుల పాక వెనక కాలవగట్టు మీద ఒకావిడ గుడిసె వేసుకుని ఉండేది. ఉప్పాడలో ఆవిడ ఇంటిని సముద్రం మింగేస్తే, చెట్టంత మొగుడు పోయాక ఒంటరిగా మా ఊరు వచ్చేసింది. పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. పిల్లలందరం చేపల అత్త అనేవాళ్ళం. మా ఇళ్ళల్లో ఆవిడ దగ్గర పచ్చి చేప బేరమాడి మరీ కొనేవారు గానీ, ఆవిడ వండిన మెతుకు ముట్టేవారు కాదు. అప్పటి పద్ధతి అది. నాకూ అందులో తప్పేమీ కనిపించేది కాదు.

ఊడుపుల రోజుల్లో అమ్మ చేలోకి వెళ్తూ చెల్లిని నాకు అప్పగించి వెళ్ళేది. ఓ మధ్యాహ్నం నేను వాకిలి ఊడ్చి వచ్చేసరికి అది నేల మీద పాకుతూ, అమ్మ బియ్యం చెరిగిన చోట పడ్డ నూకలు ఏరుకుని నములుతోంది. నాకు భయం వేసి వీపు మీద ఒక్కటిచ్చాను. దాని ఏడుపు విని చేపల అత్త దడి మీంచి చూసింది.

"అయ్యో నా తల్లీ, పచ్చి నూకలు నములుతోందేంటి! ఎన్నాళ్ళైంది పిల్ల అన్నం తిని?"

చెప్పాను. ఆవిడ దడి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. తర్వాత చెల్లిని చంకనేసుకుని గుడిసెలోకి తీసుకెళ్ళింది. వద్దని నేను అనలేదు, వాళ్ళ వెనకే వెళ్ళాను.

ఆవిడ వంట నాకు ఇంకా కళ్ళకి కట్టినట్టుంది. గుప్పెడు బియ్యం కడిగి నానబెట్టింది. చిన్న సత్తు గిన్నెలో నీళ్ళు ఎక్కువ పోసి, చిటికెడు పసుపు, ఉప్పు వేసి, సన్నటి సెగ మీద మెత్తగా ఉడికించింది. దించే ముందు నాలుగు రెమ్మల ములగాకు దూసి వేసింది. గంపలో అమ్ముడుపోక మిగిలిన కొర్రమీను ముక్క ఒకటి విడిగా ఉడకబెట్టి, ముళ్ళు ఒక్కొక్కటీ వేలితో తడిమి తీసి, గరిటె వెనక భాగంతో అన్నంలో మెదిపింది. ఇంతే వంట. ఆ రోజు రెండు ముద్దలకు మించి పెట్టలేదు. చెల్లి గిన్నెవైపు చెయ్యి చాస్తే ఆవిడకే ఏడుపొచ్చింది.

"ఇయ్యాల్టికి చాలు. రేపటికి దీని కడుపు ఎలా ఉందో నువ్వు చూసి చెప్పు తల్లీ. చెడిందంటే నేను మళ్ళీ పెట్టను, ఒట్టు" అంది నాతో.

చూశాను. చెడలేదు. మర్నాడు నాలుగు ముద్దలు పెట్టింది. ఆ పై రోజు చిన్న గిన్నెడు. తెల్లవారకుండా చేలోకి వెళ్తూ, రోజంతా పొయ్యమని అమ్మ కాచి ఉంచిన జావని నేను పాకలో గేదెల కుడితి తొట్టిలో పోసేసి గిన్నె కడిగి బోర్లించేదాన్ని. నాలుగైదు రోజులకి విరేచనాలు తగ్గుముఖం పట్టాయి. వారం దాటేసరికి పొట్ట మెత్తబడింది. పన్నెండో రోజున చెల్లి గోడ పట్టుకుని లేచి, గడప దాటి, వాకిట్లో కోళ్ళ గంప దాకా నడిచింది. నేను చప్పట్లు కొట్టాను. అది వెనక్కి తిరిగి నవ్వింది. సాయంత్రం చేలోంచి వచ్చిన అమ్మ పిల్ల మొహం చూసి మురిసిపోయింది. ఇన్నాళ్ళకి జావ ఒంటబట్టిందని నాన్నతో చెప్పి, మర్నాటికి ఇంకో రెండు శేర్ల రవ్వ పట్టించమంది. నేను పక్కనే ఉన్నాను. కిసుక్కున నవ్వు కూడా వచ్చింది. అంతే గానీ నోరు విప్పలేదు.

రెండు రోజులు తెరిపి లేకుండా వాన కురిసింది. చెల్లికి జ్వరం తగిలింది. ఆ వానల్లో ఊళ్ళో సగం మంది పిల్లలకి జ్వరాలే. అమ్మ దాని ఒళ్ళు పట్టుకు చూసి హడలిపోయి నా రెక్క పట్టుకుంది. "ఏం పెట్టావే దానికి? నిజం చెప్పు, లేకపోతే వీపు చీరేస్తాను" అంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నేను పెట్టలేదమ్మా, చేపల అత్త అన్నం పెట్టింది, రోజూ పెట్టింది అని అరిచాను. నా మీదకి రాకుండా ఉంటే చాలనుకున్నాను.

అమ్మ వానలోనే గట్టు మీదకి వెళ్ళింది. వీధివీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. నా కూతుర్ని చంపడానికి దాపురించావా అంది, ఇంకా అనరాని మాటలు చాలా అంది. చేపల అత్త తల వంచుకుని నిలబడింది. "తప్పైపోయిందండి అమ్మగారూ" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఒకసారి తలెత్తి నావైపు చూసింది. నేను అమ్మ కొంగు చాటుకి వెళ్ళిపోయాను.

ఆ రోజు నుంచి దడి తలుపుకి తాళం. అమ్మ చేలోకి వెళ్ళడం మానేసి పిల్లని వదలకుండా కూర్చుంది. పూటకి ఒకసారి పోసే జావని మూడుసార్లు పోసింది. జ్వరం రెండు రోజుల్లో పోయింది గానీ కడుపు మళ్ళీ మొదలైంది. ఈసారి పాదాలకి నీరు దిగింది. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి అక్కడి వాళ్ళు ఇంత ఆలస్యం చేశారేంటని నాన్నని కోప్పడ్డారట. సెలైను ఎక్కించారట. నన్ను తీసుకెళ్ళలేదు. మూడో రోజు నాన్న దాన్ని భుజం మీద వేసుకుని, నిండా దుప్పటి కప్పి తీసుకొచ్చాడు. అమ్మ ఏడవడం కూడా మర్చిపోయి, వచ్చిన వాళ్ళందరికీ ఒకటే చెప్పింది, బాగవుతున్న పిల్లకి ఆ చేపలది అన్నం పెట్టి చంపేసిందని. అందరూ నమ్మారు. ఎందుకు నమ్మరు? మా ఊళ్ళో అన్నం సంగతి అందరికీ తెలుసు కదా!

తర్వాత నాకు అన్నం సయించేది కాదు. కంచం ముందు కూర్చుని, మంచినీళ్ళు తాగి లేచిపోయేదాన్ని. ఓ మధ్యాహ్నం కాలవ రేవులో ఒక్కదాన్నీ కూర్చుని ఉంటే చేపల అత్త వచ్చి రెండు మెట్లు కింద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నేను అన్నం పెట్టానని చెప్పావు, అది నిజమే. అన్నం తిన్నాక పిల్ల లేచి నడిచిందని చెప్పలేదేం తల్లీ? నువ్వు కళ్ళారా చూశావు గదా."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ దగ్గరికి జరిగి నా తల ఒళ్ళో పెట్టుకుంది. "నేనూ చెప్పలేదులే. అంతమందిలో తిడుతుంటే నోరు పెగల్లేదు. మనిద్దరిదీ తప్పే. నువ్వు చిన్నపిల్లవి గాబట్టి ఎక్కువ నాదే" అంది. గుడిసెలోకి తీసుకెళ్ళి అదే సత్తు గిన్నెలో అన్నం వండి, నా చేత తినిపించేదాకా వదల్లేదు. ఊరంతా ఆవిడ దగ్గర చేప కొనడం మానేసిన రోజులవి. ఆ బియ్యం ఎక్కణ్ణించి తెచ్చిందో నాకు తెలియదు. నెల తిరక్కుండా ఆవిడ గుడిసె విప్పుకుని సముద్రం ఒడ్డుకే వెళ్ళిపోయింది. మళ్ళీ నేను చూడలేదు.

మిగతా సగం అమ్మకి చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? నీ జావే దాని ప్రాణం తీసిందని చెప్పినట్టవుతుంది. చిన్నప్పుడు దెబ్బలకి భయపడి చెప్పలేదు, పెద్దయ్యాక ఆవిడ గుండె పగులుతుందని చెప్పలేదు. అమ్మ ఎనభై ఏళ్ళు బతికి, చేపల అత్తని తిట్టుకుంటూనే పోయింది.

మూడేళ్ళ క్రితం రాజమండ్రిలో మా అమ్మాయి కూతురికి కడుపు చెడింది. ఆరేళ్ళ పిల్ల, నాలుగేళ్ళ దానిలా ఉంది. ఎన్ని మందులు వాడినా గుణం లేదు. ఆ ఇంట్లో ఆరోగ్యం పేరు చెప్పి రాత్రిళ్ళు చపాతీలే. పొద్దున బ్రెడ్డు. డాక్టరు దగ్గర నేను నోరు తెరిస్తే మా అమ్మాయి, "అమ్మా, నువ్వూరుకో, ఆయన చదువుకున్నారు" అంది. నేను ఊరుకోలేదు. ఈ పిల్ల వేసవి సెలవల్లో నా దగ్గర ఇరవై రోజులు వట్టి అన్నం తిని శుభ్రంగా ఉందండి, ఇక్కడికి వచ్చిన వారానికి మళ్ళీ మొదలైందండి, ఏ రోజు ఏం తిన్నదో కూడా చెబుతాను రాసుకోండి అన్నాను. ఆయన కలం కింద పెట్టి నావైపు తిరిగి మొత్తం విన్నారు. రక్తం పరీక్ష రాశారు, తర్వాత ఇంకో పరీక్ష చేశారు. గోధుమలో గ్లూటెన్ అని ఒకటి ఉంటుందట, అది కొందరి పేగులకి పడదట. ఒకే కుటుంబంలో ఇంకొందరికి కూడా వస్తుంటుందట. మా చెల్లిదీ ఇదేనా అని అడిగాను. అయ్యుండొచ్చండి, ఇప్పుడు ఎలా చెప్పగలం అన్నారు. ఆసుపత్రి వరండాలో కూర్చుని ముసలిదాన్ని, సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఇప్పుడు నేను వాళ్ళ దగ్గరే ఉంటున్నాను. సాయంత్రం వంట నాది. రెండు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు, సొరకాయ ముక్కలు, క్యారెట్టు, గుప్పెడు ములగాకు, అన్నీ ఒకే కుక్కర్లో. పైన నేతిలో జీలకర్ర, మిరియాలు. ఒక రోజు ఉడికిన గుడ్డు, ఒక రోజు ముళ్ళు తీసిన చేప. అరగంట కూడా పట్టదు. ఇంగువ డబ్బాలో గోధుమపిండి కలుపుతారని తెలిశాక ఇంగువ కూడా మానేశాను. చపాతీ పీట, అప్పడాల కర్ర ఇంట్లోంచి పంపించేశాను. మనవరాలు దీన్ని రైస్ బౌల్ అంటుంది. ఏ పేరైతేనేం, గిన్నె ఖాళీ చేస్తుంది. వాళ్ళ క్లాసులో పొడుగు వరసలోకి మారింది.

దానికి రోజూ ఒకటే నేర్పుతున్నాను, ఎవరైనా అడిగితే చూసిందంతా చెప్పు, సగం చెప్పి ఆగకు అని. అది బుద్ధిగా తల ఊపుతుంది. నేర్పే నేను మాత్రం అరవై ఏళ్ళుగా సగం దగ్గరే ఆగిపోయి ఉన్నాను. అమ్మ లేదు, ఆ వీధిలో ఆనాటి వాళ్ళెవరూ లేరు, చేపల అత్త ఏ ఒడ్డున కన్ను మూసిందో తెలియదు. అయినా చెప్పాల్సింది చెప్పాలి. మా చెల్లిని ఆవిడ చంపలేదండి. ఆవిడ పెట్టిన అన్నం తిని మా చెల్లి గడప దాటి నడిచింది. నేను చూశాను.